మెత్తటి కుర్చీ

ముదురు నీలం కోటుకు నల్లదారంతో రఫూ వేస్తే అది రఫూ కాదు, మచ్చ. ఆ సంగతి రఫూ అక్కకు ఒకరు చెప్పనక్కర్లేదు. అయినా ఆ బుధవారం పొద్దున ఈత టీచరమ్మ వచ్చి, కోటును దుకాణం గుమ్మం బయట ఎండలో చాపి పట్టుకుని పిలిచేదాకా తాను ఏం చేసిందో ఆమెకు తెలియలేదు.

"ఏయ్ అమ్మాయ్, ఇలా రా. అటు కాదు, ఎడమచెవి పోయింది నాకు. ఇటువైపుకి రా. ఏమిటిది?"

డెబ్బై ఏళ్ళ మనిషిని అమ్మాయ్ అని పిలవాలంటే ఆ పిలిచేవాళ్ళు ఎనభై దాటినవాళ్ళయినా అయి ఉండాలి, మొండివాళ్ళయినా అయి ఉండాలి. ఈత టీచరమ్మ రెండూను. రఫూ అక్క కళ్ళజోడు సర్దుకుంటూ గుమ్మంలోకి వచ్చి చూసింది. కోటు మోచేతి దగ్గర బొత్తామంత మేర నల్లగా కనబడుతోంది. అల్లికకు వంక పెట్టడానికి లేదు. నిలువు పోగుల మధ్యనుంచి అడ్డపోగులు ఒకటి విడిచి ఒకటి చక్కగా దూరాయి. చేత్తో తడిమితే చిరుగు ఎక్కడుందో తెలియదు. కళ్ళతో చూస్తే మాత్రం వీధి చివరినుంచి కూడా తెలుస్తుంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

పాతకోటు అది. లోపలి మడతల్లోంచి సొంత పోగులు లాగి నేద్దామంటే ఇదివరకటి రఫూలకే అవి అయిపోయాయి. అందుకని దారాల పెట్టెలోంచి రంగు కలిపి తీయాల్సి వచ్చింది. రంగు కలపడంలోనే ఆమెకు పేరు. బూడిదరంగులో ఎన్ని రకాలున్నాయో ఆమె చెబుతుంటే గిరాకీలు కుట్టించుకునే సంగతి మరిచిపోయి వినేవాళ్ళు.

"అయ్యయ్యో, మేడమ్!" అంటూ తమ్ముడు మెడలో టేపుతో పరుగున వచ్చాడు. దుకాణం అతనిది. కొలతలూ కత్తిరింపూ అతనివి, మిషను మీద కుట్టు అతని భార్యది, ఇస్త్రీ అతని కూతురిది, రఫూ అక్కది. కోటు చూసి, అక్కను చూసి, అతను గొంతు తగ్గించాడు. "ఏమీ అనుకోకండి మేడమ్. అక్క పెద్దదైపోయింది కదా. మేమే కనిపెట్టి చూసుకోవాల్సింది. కళ్ళు మరి… వయసు కదండీ."

గొంతు తగ్గిస్తే పక్కనే నిలబడ్డ అక్కకు వినబడదనుకున్నాడో, వినబడినా పట్టదనుకున్నాడో. రఫూ అక్క మనసు చివుక్కుమంది. కానీ నోటికి అలవాటైన మాట మనసుకంటే ముందే బయటికొచ్చేసింది.

"నా కళ్ళు నాకంటే ముందే రిటైరైపోయాయి టీచరమ్మా. నాకు చెప్పాపెట్టకుండా!"

తమ్ముడు పకపకా నవ్వాడు. లోపల ఇస్త్రీ బల్ల దగ్గరనుంచి మేనకోడలు నవ్వింది. మిషను ఆపి మరదలు నవ్వింది. అందరికీ ఊపిరి పీల్చుకున్నట్టయింది. రఫూ అక్క కూడా నవ్వింది. ఈత టీచరమ్మ ఒక్కతే నవ్వలేదు.

"నాకు ఎనభై రెండు," అంది. "నా వయసు కోసం ఎవరూ కోటు తప్పుగా కుట్టి ఇవ్వనక్కర్లేదు. నీ వయసు కోసం నేను మచ్చ కోటు తొడుక్కోనూ అక్కర్లేదు. విప్పి మళ్ళీ వెయ్యి. ఈత అయ్యాక ఇది ఒంటిమీద లేకపోతే వణికి చస్తాను. శనివారం పొద్దున పూల్ దగ్గరికే తెచ్చిపెట్టు."

కోటు రఫూ అక్క చేతుల్లో పడేసి, గోడవారగా నడవకుండా వీధి మధ్యలోంచి, బండ్లన్నీ తనకోసం ఆగుతాయన్న ధీమాతో వెళ్ళిపోయింది. బండ్లు ఆగాయి కూడా.

టీ తాగేటప్పుడు తమ్ముడు విషయం కదిపాడు. కుడిచెయ్యి ఎడమ చంకలో పెట్టుకుని, అక్కవైపు చూడకుండా అద్దంవైపు చూస్తూ మొదలెట్టాడు.

"అక్కా, నేనొకటి అనుకుంటున్నా. మార్కెట్ వెనక మిషన్ రఫూ పెట్టారు. సోమవారం నుంచి మన రఫూలన్నీ వాళ్ళకి పంపిద్దాం. నువ్వు ఇన్నేళ్ళు చేసింది చాలదా? హాయిగా కూర్చో. బొత్తాలు కుట్టు. లేకపోతే అదీ వద్దు."

"మిషన్ రఫూ అట్టలా ఉంటుంది కదరా."

"ఉంటే ఉంటుంది. ఇప్పుడు ఎవరు చూస్తున్నారు? మనం పాత మోడళ్ళం అక్కా! స్పేర్ పార్టులు కూడా దొరకవు." ఆ జోకు అతను రోజుకొకసారైనా వేస్తాడు. ఈసారి కూడా తనే ముందు నవ్వాడు.

"సరేలేరా," అంది రఫూ అక్క. అనేసి, కప్పులో మిగిలిన టీని చాలాసేపు చూస్తూ కూర్చుంది. ఎప్పుడూ చేతిలో సూదితోనే ఉన్న మనిషికి సోమవారం నుంచి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో అర్థం కాలేదు.

ఆమె కూర్చునేది మెత్తటి కుర్చీలో. ఆమెకు డెబ్బై నిండిన రోజున తమ్ముడూ మరదలూ మేనకోడలూ కలిసి తెచ్చిన బహుమతి అది. వీపుకు దిండు, చేతులకు దిండ్లు, తల వాల్చుకోవడానికి ఇంకో దిండు. అంతకుముందు ఆమెకు కిటికీ పక్కన ఇరుకు సందులో ఒక చెక్క కుర్చీ ఉండేది. మెత్తటి కుర్చీ ఆ సందులో పట్టలేదు. పైగా కిటికీ గాలి అక్క ఒంటికి మంచిది కాదని తమ్ముడు అన్నాడు. అందుకని కుర్చీని లోపలికి, బట్టలు తొడిగి చూసుకునే గదికి పక్కన, నారింజరంగు గాజు బుడ్డీలో వెలిగే బల్బు కింద వేశారు. చెక్క కుర్చీ మేడమీదికి పోయింది. కిటికీ దగ్గర ఇప్పుడు కోటు తొడుక్కున్న చెక్కబొమ్మ నిలబడి, వచ్చేపోయేవాళ్ళను చూస్తూ ఉంటుంది. దానికి తల లేదు కాబట్టి వెలుగుతో పనిలేదు.

మెత్తటి కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకు సగమే ఆనేవి. కాసేపటికి ఒళ్ళు దిండ్లలోకి దిగిపోయి, ఎక్కడ తాను అయిపోయి ఎక్కడ కుర్చీ మొదలైందో తెలిసేది కాదు. మిషను చప్పుడు దూరంగా ఎక్కడో వాన పడుతున్నట్టు వినబడేది. ఇస్త్రీ పెట్టె కిందనుంచి ఆవిరి లేచి, బల్బు చుట్టూ తిరిగి, మెల్లగా కరిగిపోయేది. ఎవరో వచ్చేవారు. ఎవరో వెళ్ళేవారు. "అక్కకు చెప్పకండి, కంగారు పడుతుంది," అన్న మాట ఆవిరితోపాటు తేలివచ్చేది. దేన్ని గురించో ఆమె అడిగేది కాదు.

ఆ మధ్యాహ్నం కోటును మోకాళ్ళమీద పరుచుకుని, నున్నటి చెక్క ఉండను మోచేతి గుడ్డ కింద పెట్టి, నల్లపోగులు ఒక్కొక్కటిగా సూదిమొనతో లేపి విప్పింది. విప్పడం పెద్ద కష్టం కాలేదు, చేతులకు తెలిసిన దారే. దారాల పెట్టె తెరిచి నీలం వెతికింది. బల్బు కింద పట్టుకుని చూసింది. కోటు మీద పెట్టి చూసింది. కలిసింది. సూదిలోకి దారం ఎక్కించబోతే పక్కకు పోయింది. మళ్ళీ పోయింది. దారం కొస తడిపి, కన్ను చికిలించి ఇంకోసారి ప్రయత్నించింది.

"వయసు," అంది, వినేవాళ్ళెవరూ లేకపోయినా.

అలా అనేస్తే ఎంత సుఖంగా ఉండేదో. కాలు మెట్టు మీద తడబడితే వయసు. ఎవరి పేరో గుర్తురాకపోతే వయసు. సాయంత్రం పార్కుకు వెళ్దాం రా అని మరదలు పిలిస్తే, "నా వయసులో పార్కేమిటమ్మా!" ఆ మాట కూడా మెత్తటి కుర్చీలాంటిదే. ఒకసారి అందులో కూలబడితే మళ్ళీ లేవాల్సిన పనే ఉండదు.

దారం ఎలాగో ఎక్కింది. సూది లోపలికి వెళ్ళి బయటికి వచ్చింది. ఒక పోగు మీదనుంచి, ఒక పోగు కిందనుంచి. ఆమె కళ్ళు సగం మూతలు పడ్డాయి. కోటు గుడ్డ నీలంగా, లోతుగా, అలలు అలలుగా కదులుతున్నట్టుంది. దాని అడుగున ఎవరో ఈదుతున్నారు. ఎవరా అని వంగి చూస్తే తన చేతులే.

మేడమీద భోజనాల దగ్గర మేనకోడలు తల్లిని అడిగింది. "అమ్మా, అత్త మాత్ర వేసుకుందా?"

అత్త ఎదురుగానే కూర్చుని ఉంది. 

"వేసుకునే ఉంటుందే. పొద్దున డబ్బా తీసినట్టుంది," అని మరదలు ఆమె తరఫున జవాబిచ్చింది. రఫూ అక్క కంచం తీయబోతే చేతిలోంచి లాక్కుంది. "మీరు కూర్చోండి వదినా. మేమున్నది ఎందుకు?"

"కడగగలను కదమ్మా."

"ఎందుకు కడగలేరు, కడుగుతారు. జారితే? ఈ వయసులో ఎముక విరిగితే అతకదు."

ప్రేమ లేకపోతే ఆ మాట అనదు. కూరలో గట్టి ముక్కలన్నీ ఏరి తన కంచంలో వేసుకుని మెత్తటివి వదినకు వేసే మనిషి అది. రఫూ అక్కకు కోపం తెచ్చుకోవాలని ఉంది. తెచ్చుకోవడానికి ఒక్క చెడ్డమాటైనా దొరకాలి కదా. వీళ్ళు కడుపులో పెట్టుకుని చూసుకుంటున్నారు, ఏమని ఏడవను, అనుకుంది. ఏడుపు మాత్రం వచ్చింది. దాన్ని మంచినీళ్ళతో మింగేసింది.

శుక్రవారం మధ్యాహ్నానికి రఫూ పూర్తయింది. కుర్చీలోంచే మేనకోడలిని పిలిచింది.

"ఒసేయ్, ఇలా రా. రంగు కలిసిందో లేదో చూసిపెట్టు. నా కళ్ళను నేను నమ్మను."

మేనకోడలు పెద్ద కత్తెర బల్లమీద పెట్టి వచ్చి, బల్బు కింద వంగి చూసింది. వేలితో రాసింది. "సూపరుగా కలిసింది అత్తా! ఎక్కడ వేశావో కూడా తెలియడం లేదు."

"నువ్వు కత్తిరిస్తున్నావేమిటి? మీ నాన్న ఏడీ?"

"ఈ మధ్య కత్తిరింపు నన్నే చెయ్యమంటున్నాడు. నేర్చుకోవాలట."

"చేతికింద పిల్ల ఉండగా ముసలాడికి కత్తెర ఎందుకమ్మా!" అని తమ్ముడు గుమ్మం దగ్గరనుంచి కేకేశాడు. అతను గిరాకీ చొక్కాకు గీత గీస్తున్నాడు. సుద్దముక్క వేళ్ళలోంచి జారి కింద పడింది. దాన్ని ఎడమచేత్తో తీసుకున్నాడు. "నేను సూపర్‌వైజరుని ఇప్పుడు. ఈజీచైరు ఉద్యోగం!"

గిరాకీ నవ్వాడు. రఫూ అక్క కోటు మడతపెట్టింది. తన ఆఖరి రఫూ ఇదే అనుకుంటే గుండె బరువెక్కింది. ఒకందుకు సంతోషం కూడా కలిగింది. ఆఖరిదైనా తప్పు లేకుండా వచ్చింది.

పూల్‌కు శనివారం పొద్దున్నే ఒక్కతే వెళ్ళింది. మేనకోడలు తోడు వస్తానంటే వద్దంది. అలవాటుగా దారాల పెట్టె కూడా సంచిలో వేసుకుంది.

లోపల అడుగుపెట్టగానే ఆమెకు తాను ఇంకా నిద్రలోనే ఉన్నాననిపించింది. కప్పంతా అద్దాలు. అందులోంచి దిగిన వెలుగు నీళ్ళమీద పడి, నీళ్ళలోంచి గోడలమీదికెక్కి, అక్కడినుంచి కప్పుమీదికి పాకి ఆడుతోంది. మాటలు పలికిన చోట ఆగకుండా గుండ్రంగా తిరిగి వస్తున్నాయి. పదిమంది ఆడవాళ్ళు వెల్లకిలా తేలుతున్నారు. అందరూ పెద్దవాళ్ళే. తెల్లజుట్లు టోపీల్లోంచి తప్పించుకుని నీళ్ళలో పరుచుకున్నాయి. ఒక లావుపాటి ఆవిడ కళ్ళు మూసుకుని, పొట్టమీద చేతులు పెట్టుకుని, లోకంతో పనిలేనట్టు అలా తేలుతూ గోడదాకా వెళ్ళి, పాదంతో తన్ని, మళ్ళీ వెనక్కి తేలుతూ వచ్చింది.

రఫూ అక్క ఒడ్డున బల్లమీద కూర్చుంది. ఇవ్వబోయేముందు ఒకసారి చూసుకుందామని కోటు విప్పి ఒళ్ళో పరుచుకుంది.

మోచేతి దగ్గర బొత్తామంత మేర నల్లగా ఉంది.

కళ్ళజోడు తీసి తుడుచుకుని పెట్టుకుంది. నలుపే. ముదురు నీలం మధ్యలో, కాటుక చుక్కలా. ఇంక సందేహం లేదు. తమ్ముడు చెప్పింది నిజం. అందరూ చెప్పింది నిజం. తానొక్కతే లోపల్లోపల ఎక్కడో నమ్మకుండా ఉంది. ఆ కాస్త కూడా పోయింది.

ఈత టీచరమ్మ నీళ్ళలోంచి మెట్లవైపు వచ్చింది. మెట్ల పక్కన గోడకు మెరిసే ఇనుప కడ్డీ ఉంది. దాన్ని రెండు చేతులా పట్టుకుని, ఒక్కో మోకాలినీ పేరుపెట్టి తిడుతూ, పైకి వచ్చింది.

"తెచ్చావా? ఇటు జరుగు, కుడిచెవి ఇటుంది."

"మళ్ళీ తప్పు వేశాను టీచరమ్మా." ఈసారి జోకు రాలేదు. "రెండోసారి కూడా. ఇంక నావల్ల కాదు. వయసు…"

"ఆగు." ఈత టీచరమ్మ తువ్వాలు భుజాల చుట్టూ కప్పుకుని పక్కన కూర్చుంది. "ఆ మాట వాడకుండా చెప్పు. ఏమైందో చెప్పు."

"ఏముంది చెప్పడానికి? వయసు వల్ల…"

"వాడకుండా!"

ఆమె కుండబద్దలు కొట్టినట్టు మాట్లాడే మనిషి. ఆ ఒక్కమాటా తీసేస్తే చెప్పడానికి రఫూ అక్క దగ్గర ఇంకేమీ మిగల్లేదు. మాటలు వెతుక్కోవాల్సి వచ్చింది.

"నేను… నీలం దారమే తీశాను."

"ఇది నలుపు."

"అవును. కానీ నేను తీసినప్పుడు నీలంగానే కనబడింది. కోటు మీద పెట్టి కూడా చూశాను. కలిసింది."

"ఎక్కడ చూశావు?"

"షాపులో. నా కుర్చీలో కూర్చుని."

"మరి ఇక్కడ?"

"ఇక్కడ నల్లగా కనబడుతోంది. స్పష్టంగా కనబడుతోంది. ఇదిగో నీలం, ఇదిగో…"

ఆమె ఆగిపోయింది. లావుపాటి ఆవిడ గోడదాకా వచ్చి, పాదంతో తన్ని, వెనక్కి తేలుతూ వెళ్ళిపోయింది. నీటి వెలుగు కోటు మీద, చేతుల మీద, ముడతల మీద ఆడుతోంది. రఫూ అక్క దారాల పెట్టె తెరిచింది. నల్ల ఉండా, ముదురు నీలం ఉండా పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్ని చూసి ఇంకొకటి అనుకునే అవకాశమే లేదు. మేనకోడలు కూడా కలిసిందనే కదా అంది. దాని కళ్ళకేమైంది? ముప్పై నాలుగేళ్ళ పిల్ల, వీధి అవతలి బోర్డుమీద చిన్న అక్షరాలు చదివే పిల్ల.

"మా వాళ్ళు నాకు మెత్తటి కుర్చీ కొన్నారు," అంది నెమ్మదిగా. "అది కిటికీ దగ్గర పట్టలేదు."

ఈత టీచరమ్మ జుట్టులో నీళ్ళు పిండుకుంది. తనంతట తానే చెప్పింది.

"చెవి పోయినప్పుడు నేను రెండేళ్ళు ఎవరికీ చెప్పలేదు. అందరూ ఏదో అంటే నవ్వుతూ తలూపేదాన్ని. ఒకసారి మా చెల్లెలు వాళ్ళాయన పోయాడని చెబుతుంటే కూడా నవ్వుతూ తలూపాను." ఆమె మొహం ఒక్క క్షణం ముసలిదైపోయింది. "తర్వాతనుంచి ముందే చెప్పేస్తున్నా. ఆ కడ్డీ కూడా అంతే. నాకు మోకాళ్ళు పోయాయి, కడ్డీ పెట్టండి, అని అడిగాను. అడక్కపోతే ఏం చేసేవాళ్ళు? నీళ్ళలోకి దిగొద్దండీ అనేవాళ్ళు, ఎంతో మర్యాదగా."

రఫూ అక్క ఆ బల్లమీదే పని మొదలెట్టింది. నల్లపోగులు విప్పింది. నీలం దారం రెండోసారికి సూదిలోకి ఎక్కింది. ఎక్కిందని ఆమెకు ఎంత సంతోషం కలిగిందంటే, పక్కన ఎవరూ లేకపోతే గట్టిగా అరిచేదే. తేలుతున్న ఆడవాళ్ళు ఒక్కొక్కరే ఒడ్డుకు వచ్చి, తువ్వాళ్ళు చుట్టుకుని, చుట్టూ నిలబడి చూశారు. ఒకరు వెలుగుకు అడ్డం వచ్చారు.

"కొంచెం జరుగుతారా అమ్మా? నాకు వెలుగు కావాలి," అంది రఫూ అక్క. 

అని, తానే ఆశ్చర్యపోయింది. వాళ్ళు మాత్రం మామూలుగా పక్కకు జరిగారు.

కోటు తొడుక్కుని ఈత టీచరమ్మ మోచెయ్యి మడిచి, చాపి, ఎత్తి అద్దాల కిందికి పెట్టి చూసింది. ఎక్కడ వేసిందో వెతికింది. దొరకలేదు. "ఊఁ," అంది. ఆమె నోట అంతకంటే పెద్ద మెప్పు ఎవరూ విని ఉండరు.

రఫూ అక్క దుకాణానికి తిరిగివచ్చేసరికి మిషన్ రఫూకు పంపాల్సిన బట్టలన్నీ గోనెసంచిలో మూటకట్టి గుమ్మం పక్కన పెట్టి ఉన్నాయి. సోమవారం దాకా ఆగడం తమ్ముడి వల్ల కాలేదు.

"ఒరేయ్, ఇలా వచ్చి నా కుర్చీలో కూర్చో."

"ఎందుకక్కా?"

"కూర్చోరా బాబూ, అద్దె అడగను."

తమ్ముడు కూర్చున్నాడు. దిండ్లు అతన్ని మింగేశాయి. "అబ్బ! ఎంత హాయిగా ఉందో!" అన్నాడు. ఆమె దారాల పెట్టె అతని ముందు పట్టింది. "ముదురు నీలం ఇవ్వు." అతను ఒక ఉండ తీసి ఇచ్చాడు. దాన్ని తీసుకుని ఆమె గుమ్మంలోకి వెళ్ళి ఎండలో పట్టుకుంది. "ఇప్పుడు చెప్పు, ఇదేమిటి?"

కుర్చీలోంచి లేవడానికి అతనికి కాస్త సమయం పట్టింది. వచ్చి చూశాడు.

"నలుపు."

తమ్ముడు తొడ చరుచుకుని నవ్వాడు. "చూశావా! నాకూ వచ్చేసింది వయసు! పాత మోడళ్ళం అని చెబితే వినవు కదా!"

రఫూ అక్కకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కళ్ళముందు పెట్టి చూపిస్తే దాన్ని కూడా ఆ మాట కిందికే తోసేశాడు. మేనకోడలు ఇస్త్రీ పెట్టె నిలబెట్టి దగ్గరికి వచ్చింది.

"నాన్నా, నిన్న నేను కూడా కలిసిందనే అన్నాను. ఆ బల్బు కిందే. నాకేం వయసు?"

తమ్ముడి నవ్వు ఆగింది. అతను బల్బువైపు చూశాడు, కుర్చీవైపు చూశాడు, కిటికీ దగ్గర నిలబడ్డ చెక్కబొమ్మవైపు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి. "అయితే నీకు వయసు కాదన్నమాట అక్కా. బల్బుది తప్పు. నీకేం, నువ్వు ఇంకా కుర్రదానివే!"

"అదీ కాదురా," అంది రఫూ అక్క. చెక్క ఉండను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. గట్టిగా మాట్లాడడం లేదు. నవ్వడమూ లేదు. "నేను కుర్రదాన్ని కాదు. నాకు డెబ్బై. ఇదివరకైతే ఆ బల్బు కింద కూడా కొంచెం తేడా తెలిసేదేమో. ఇప్పుడు తెలియదు. అందుకే నాకు కిటికీ కావాలి. కుర్రదాన్నయితే ఎక్కడ కూర్చున్నా సరిపోయేది. నా చెక్క కుర్చీ కావాలి. నడుం నొప్పి ఉంది, వీపు వెనక ఒక దిండు కావాలి. దారం ఎక్కనప్పుడు అమ్మాయి ఎక్కించిపెట్టాలి. ఎండ పోయాక నేను పని చెయ్యను. ఎండ ఉన్నంతసేపు చేస్తాను. ఆ సంచి విప్పు."

ఆమె ఒక్కసారిగా ఇన్ని మాటలు మాట్లాడడం మరదలు ఈ ఏడాదిలో వినలేదు. మిషను మీదనుంచి లేచి వచ్చి నిలబడింది.

"ఇంత ఇబ్బందిగా ఉంటే చెప్పొచ్చుగా వదినా?"

"ఎంత ముచ్చటపడి కొన్నారమ్మా ఆ కుర్చీ! ఎలా చెప్పను?"

మరదలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. "మీ మాత్రల సంగతి కూడా ఇకనుంచి మిమ్మల్నే అడుగుతాను," అంది. అందులో కాస్త నిష్ఠూరం ఉంది, కాస్త సిగ్గు కూడా ఉంది. మేడమీదికి వెళ్ళి చెక్క కుర్చీ తెచ్చింది. దానిమీద ఎండబెట్టిన సాక్సులు ఇంకా వేలాడుతున్నాయి.

ఇక బొమ్మను కదపాలి. తమ్ముడు దాన్ని నడుం దగ్గర రెండు చేతులా పట్టి ఎత్తాడు. అంతలో కుడివైపు పట్టు జారింది. బొమ్మ వంగిపోయి కిటికీ అద్దం మీదికి పడబోతుంటే మేనకోడలు చప్పున పట్టుకుంది. బల్లమీది కత్తెర ఖంగుమంటూ కింద పడింది.

"ముసలాడి పట్టు అమ్మా!" అన్నాడు తమ్ముడు వెంటనే. "పాత మోడలు, స్క్రూలు వదులైపోయాయి!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. రఫూ అక్క అతన్ని చూసింది. చంకలోకి వెళ్ళిపోతున్న అతని కుడిచేతిని చూసింది. జారిన సుద్దముక్క గుర్తొచ్చింది. కూతురికి అప్పగించిన కత్తెర గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ తన వయసు గురించి అతను అంత గట్టిగా ఎందుకు మాట్లాడాడో అప్పుడు తెలిసి, ఆమెకు తమ్ముడి మీద ఎక్కడలేని జాలి కలిగింది.

"ఒరేయ్," అంది. "ఆ మాట వాడకుండా చెప్పు."

"ఏ మాట?"

"వయసు, ముసలాడు, మోడలు, స్క్రూలు. అవేవీ లేకుండా చెప్పు. చేతికేమైంది?"

తమ్ముడు తన భార్యవైపు, కూతురివైపు చూశాడు. వీధిలోంచి ఎవరో చెయ్యి ఊపి పలకరించి వెళ్ళారు, అతను చూసుకోలేదు. బొమ్మ పోయాక కిటికీ ఖాళీగా, తెల్లగా ఉంది. వెలుగు నేలమీద చాపలా పరుచుకుంది.

"బొటనవేలు మొద్దుబారిపోయింది," అన్నాడు. "కత్తెర పట్టుకుంటే పట్టుకున్నట్టు తెలియడం లేదు. గుడ్డ తెగాక చూసి తెలుసుకుంటున్నా."

"ఎప్పటినుంచి?"

"చలికాలం నుంచి."

కుర్చీ కొన్నదీ అప్పుడే. రఫూ అక్క ఆ మాట అనలేదు.

"ఎవరికైనా చెప్పావా?"

అతను తల అడ్డంగా ఊపాడు. మరదలు "అయ్యో" అనబోయి, వదిన కళ్ళు చూసి ఆగిపోయింది. 

రఫూ అక్క చెక్క కుర్చీలో కూర్చుంది. పాదాలు రెండూ నేలకు పూర్తిగా ఆనాయి. తమ్ముడి చెయ్యి పట్టుకుని కిటికీ వెలుగులోకి లాగింది. చిన్నప్పుడు ముల్లు తీయడానికి అతని పాదాన్ని లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నట్టే, ఆ చేతిని మోకాలిమీద వెల్లకిలా పెట్టుకుంది. సూదిని తిరగేసి, మొన లేని కొసతో బొటనవేలి చివర మెల్లగా నొక్కింది.

"తెలుస్తోందా?"

"లేదు."

"ఇక్కడ?"

"లేదు." అతను ఆ వేలినే చూస్తూ ఉన్నాడు. "భయమేస్తోంది అక్కా."

"వెయ్యదూ మరి. సోమవారం పొద్దున డాక్టరు దగ్గరికి వెళ్దాం. నేనూ వస్తా, నా కళ్ళు కూడా చూపించుకోవాలి. కదలకు. ఇక్కడ?"

"కొంచెం."

ఆమె సూదిని ఇంకాస్త కిందికి, అరచేతిలోకి జరిపింది.

"ఇక్కడ?"

"ఊఁ," అన్నాడు తమ్ముడు. "అక్కడ తెలుస్తోంది."